తుమ్మెద దాచుకున్న బాణీలు

సంచుల కార్ఖానాలో ఆమెను అందరూ తుమ్మెద అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప మరెక్కడా వినిపించదు. మిషను ముందు కూర్చుందంటే పెదవులు మూసుకునే కూనిరాగం తీస్తుంది. పనివేళ మాట్లాడకూడదని సూపర్‌వైజరు గోడకు కాగితం అంటించాడు గానీ, ముక్కుతో పాడకూడదని అంటించలేదు కదా.

పక్క మిషను వదినది, సొంత అన్న భార్య. "గొంతులో మోటారు పెట్టించుకున్నావేమిటే, నా మిషనుకన్నా నీదే ఎక్కువ మోగుతోంది" అని దెప్పుతూ ఉంటుంది.

ఆ బాణీలు ఎవరి దగ్గరా విన్నవి కావు. సూది పరుగుకు తగ్గట్టు వాటంతటవే పుడతాయి. ఒకప్పుడు కొత్త బాణీ పుడితే ఎక్కడ జారిపోతుందోనని వారం రోజులు దాన్నే నమిలేది. గిన్నెలు తోముతూ అదే, బస్సులో నిలబడీ అదే. నమిలి నమిలి ఒంటికి పట్టించుకునేది.

ఆరేళ్ల కిందట ఫోనులో బాణీలు దాచుకునే యాప్ ఒకటి వేసుకుంది. ఎర్ర గుండ్రాన్ని నొక్కి, ఫోను ఒళ్లో పెట్టుకుని, ముందు బాణీ పేరు చెప్పి తర్వాత రాగం తీస్తే చాలు. అరలు కూడా సంచి లెక్కనే కట్టుకుంది. పొడుగు బాణీలు 'పట్టీ' అరలోకి, చిట్టివి 'జేబు'లోకి, పాట ఎత్తుకోవడానికి పనికొచ్చేవి 'జిప్పు'లోకి. అరకో దారం రంగు, బాణీకో అంకె. అక్కడ పెట్టేశాక తల మీంచి బరువు దింపినట్టుండేది. ఇక నమలడం మానేసింది. అలా నాలుగు వందల పన్నెండు పోగయ్యాయి. వినిపించమని అడిగిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు.

మొన్నటికి మొన్న నాటకాలాడించే మేష్టారు వచ్చాడు. తెరలు మోసుకెళ్లే పెద్ద సంచులకు కొలతలు చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"ఆ రాగం ఎవరిదమ్మా?"

"ఎవరిదీ కాదండి. ఊరికే వచ్చింది."

"ఊరికే వచ్చినవి ఇంకేమైనా ఉన్నాయా?"

"ఫోన్లో ఉన్నాయండి."

"ఆదివారం పొద్దున ఓ పది పట్టుకుని మా గదికి రా. కొత్త నాటకానికి బాణీలు లేక జుట్టు పీక్కుంటున్నాను."

"పీక్కోడానికి అక్కడేముందని" అని వదిన గొణిగింది. మేష్టారి తల అద్దంలా ఉంది మరి. తుమ్మెదకు నవ్వు రాలేదు. ఆరేళ్లకు ఒక మనిషి అడిగాడు. పెడలు మీద కాలు ఆగక, కుట్టిన పట్టీనే మళ్లీ కుట్టింది.

శనివారం సాయంత్రం ఇంటికి రాగానే వినడానికి కూర్చుంది. ప్రతి బాణీ వెనకా నలభై మిషన్ల రొద. సిగ్గేసింది. వేలాడే దారాలు కత్తిరించనిదే ఏ సంచినీ చెయ్యి దాటనివ్వని మనిషి, ఇంత రొద వేలాడుతుంటే మేష్టారి చేతికెలా ఇస్తుంది?

యాప్‌లో 'రొద తీసేయి' అని ఒక మీట ఉంది. ఒకదాని మీద నొక్కి చూసింది. "పట్టీ, పదిహేడు" అన్న తన గొంతు గాజు మీద గోరు తగిలినంత స్పష్టంగా పలికింది. వెనక చీమ చిటుక్కుమనలేదు. ఆ ఒక్క మాటకే మురిసిపోయి అక్కడితో ఆపేసి, 'అన్నిటికీ' అని నొక్కింది. పాతవి కూడా ఉంచమంటారా అని అడిగింది యాప్. ఫోనులో చోటు లేదు. వద్దంది.

ఆదివారం మేష్టారి గదిలో చెక్క కుర్చీ అంచున కూర్చుని, ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది.

"పట్టీ, పదిహేడు" అంది ఫోను. ఆ తర్వాత ఏమీ లేదు. మేష్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. ఫోనులో ఎవరో దగ్గారు. "దారం తెగిందే" అంది వదిన గొంతు, పక్కనే కూర్చున్నట్టు. మళ్లీ ఏమీ లేదు.

ఇంకొకటి నొక్కింది. "జేబు, తొమ్మిది." నిశ్శబ్దం. "జిప్పు, ఇరవై." నిశ్శబ్దం, ఆఖర్న సూపర్‌వైజరు కసురు. ఆ యాప్‌కు తెలిసింది మాట ఒక్కటే. మూసిన పెదవుల వెనక సాగిన రాగాన్ని అది మరో మిషను అనుకుంది. నలభైటితో పాటు దాన్నీ ఊడ్చేసింది.

"పోనీ, నోటితో అనమ్మా" అన్నాడు మేష్టారు.

కళ్లు మూసుకుని వెతుక్కుంది. ఫోనుకు అప్పగించినవాటిని తలలో ఉంచుకోలేదాయె. ఒకటి దొరికిందనుకుని ఎత్తుకుంటే మూడో మలుపులో తెగిపోయింది. చెమట తుడుచుకుని ఇంకొకటి మొదలుపెట్టింది.

"ఇది ఎక్కడో విన్నట్టుందే" అన్నాడాయన, నొప్పించకుండానే. "కంగారేం లేదు. దొరికినప్పుడు రా." గడప దగ్గర మరొకావిడ హార్మోనియం పెట్టెతో కాచుకుని ఉంది.

సోమవారం వదిన అడిగింది. "ఏమే, నోరు కుట్టేసుకున్నావా?"

తుమ్మెద ఫోను ఆమె చేతికిచ్చింది. వదిన నాలుగైదు విన్నది. "నా గొంతు ఇంత బాగుంటుందని నాకే తెలీదే" అని నవ్వించబోయి, మరదలి మొహం చూసి తగ్గింది. "మళ్లీ వస్తాయిలే. నీ దగ్గర కొరతా?"

"వచ్చేవి అవి కావు వదినా."

మధ్యాహ్నం పట్టీ కుడుతుండగా ఒకటి రానే వచ్చింది. పొడుగైనది, మంచిది. చెయ్యి అలవాటుగా ఫోను దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఆరేళ్ల కిందటిలా దాన్ని నమలబోయింది. పట్టు చిక్కలేదు. తుమ్మెద పెడలు అదిమింది. మిషను రొదలో ఆ బాణీ పూర్తిగా మునిగిపోయేదాకా అదుముతూనే ఉంది.