లేజర్ ల్యాబ్‌లో మాస్టారి వేసవి సెలవులు

మొన్న ఆదివారం పొద్దున మా మాస్టారు పోయారు. గుంటూరు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ల్యాబ్‌లో లేజర్ ఆన్ చేసి, అది కుదురుకోవడం కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉన్నాను. "నాన్నగారు ఇక లేరక్కా" అన్నాడు వాళ్ళబ్బాయి. "వచ్చే వారం ఇక్కడికి రావాలి కదా!" అన్నాను. చావు కబురు చెప్పినవాడితో అనాల్సిన మాటేనా అది? నాకు మాత్రం అదే నోటికొచ్చింది.

తొంభైల చివర గుంటూరులో డిగ్రీ చదివినప్పుడు ఆయన మాకు ఫిజిక్స్ చెప్పారు. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతికేవారు. మేము చెప్పకుండా నవ్వుకునేవాళ్ళం. వేసవి సెలవులొస్తే తోటి లెక్చరర్లు బ్రాడీపేట కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పుకునేవారు. ఈయన రైలెక్కి, ఎక్కడో ఉత్తరాదిన తాను పిహెచ్‌డీ చేసిన లేజర్ ల్యాబ్‌కు పోయేవారు. ఎం.ఎస్సీ. అయ్యాక వెంటబడి నన్నూ అక్కడే పరిశోధనలో చేర్పించారు. అప్పటినుంచి నేనిక్కడే.

ఆయన పట్టుకున్న పని చెప్పడానికి తేలికే. ఎర్రటి లేజర్ కాంతిని ఆర్గాన్ వాయువులో ఒక్క చోట గుచ్చితే, దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పౌనఃపున్యమున్న కొత్త కాంతి పుడుతుంది. దాన్నే హార్మోనిక్స్ అంటారు. పెద్ద లేజర్లు ఒక్క దెబ్బ గట్టిగా కొట్టి చాలాసేపు ఆగుతాయి. మావి చిన్న దెబ్బలే, కానీ సెకనుకు వెయ్యి.

"మిరపకాయలు కోసేవాళ్ళను చూశావుగా అమ్మాయ్?" అనేవారు. "చెట్టును పట్టుకుని ఒక్క గుంజు గుంజితే కాయలు రావు, చెట్టే వస్తది. చెయ్యి ఆడుతూనే ఉండాలి. అప్పుడే కల్లం నిండుద్ది."

మా కల్లం మాత్రం నిండలేదు. అన్ని దెబ్బలకు వాయువు ఆగకుండా పారుతూనే ఉండాలి. తక్కువ వదిలితే కాంతి పుట్టదు. ఎక్కువ వదిలితే, దాన్ని బయటికి తోడే పంపు లాగలేక చేతులెత్తేస్తుంది, పుట్టిన కాంతిని ఆ వాయువే మింగేస్తుంది. ఆ కొత్త కాంతి పుట్టిందని చూపించే తెర మీద గీతలు ఇలా మెరిసి అలా ఆరిపోయేవి. ఏటా వేసవి అలాగే అయిపోయేది. ఆయన తిరుగు రైలెక్కేవారు.

ఒక వేసవిలో అద్దాలు తుడిచే దూది అయిపోయింది. మాస్టారు తన సంచిలోంచి ప్రత్తిపాడులో అన్నగారి చేలో పండిన పత్తి తీశారు. గింజలు తానే ఒలిచి తెచ్చారట. "మా చేలో పత్తికంటే శుభ్రమైంది ఎక్కడ దొరుకుద్ది?" అంటూ ద్రావణంలో ముంచి, లేజర్ లోపలికి వెళ్ళే గాజు కిటికీని భక్తిగా తుడిచారు. లేజర్ వదలగానే కిటికీ నడుమ గోధుమ రంగు మచ్చ పడి, టప్పున పగిలింది. చేలో పత్తికి సహజంగా మైనం ఉంటుంది. అదంతా గాజుకు పూసేశారన్నమాట. ఇంకొకరైతే ఆ సంగతి దాచేవారు. ఆయన మాత్రం ల్యాబ్‌లో చేరిన ప్రతి విద్యార్థికీ కాఫీ ఇప్పించి మరీ ఈ కథ చెప్పేవారు. "తెల్లగా ఉంది కదా అని నమ్మొద్దు. మనూరిదైతే అసలే నమ్మొద్దు" అని తానే ముందు నవ్వేవారు.

పోయిన ఏడాది ఆయన గుండె దెబ్బతింది. డాక్టరు ప్రయాణాలు వద్దన్నారు. ఇక ఫోన్‌లోనే పాఠాలు. ఒకరోజు నేను విసిగిపోయి, ఈ పని వదిలేస్తానన్నాను. "కారం మిల్లులో ఘాటు మిల్లంతా పరుచుకున్నాక తుమ్ముతూ కూర్చుంటే ఏం లాభమమ్మా? లేచిన చోటే లాగెయ్యాలి. వాయువు వదిలే గొట్టానికి ఎదురుగా పీల్చే గొట్టం ఇంకోటి పెట్టు" అన్నారు. పెట్టాం. గీతలు నిలబడ్డాయి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి చూసినా అలాగే ఉన్నాయి. ఫోన్ చేసి చెప్పాను. "ఆపొద్దు. నేనొచ్చి చూడాలి" అన్నారు. డాక్టరుతో పోట్లాడి ఒప్పించారు. ఆ ఒక్క వారం ఆగలేకపోయిందా ఆయన గుండె? నాకు దేవుడి మీద ఇంకా కోపంగానే ఉంది.

నేను గుంటూరు చేరేసరికి దహనం అయిపోయింది. మాస్టారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళారు.

"ఒకటి అడుగుతా, నవ్వవుగా? ఎండలు రాగానే పరిగెత్తేవారే, ఆ వెలుగు ఏ రంగులో ఉంటదమ్మా?"

"రంగుండదండి. మన కళ్ళకు ఆనదు. గాలి తగిలితేనే పోతుంది. తెర మీద గీతలు పడతాయి, అంతే."

"మరి ఆ గీతలన్నా చూశారా ఆయన?"

"నిలబడ్డవి చూళ్ళేదండి. అందుకే రావాలనుకున్నారు."

ఆవిడ మంచం కింద నుంచి ప్రయాణానికి సర్దిన పెట్టె లాగి తెరిచారు. అన్నిటికంటే పైన ముదురు నీలం స్వెటర్ ఉంది. "మీ లేజర్ గదిలో ఏసీ చలంటగా. మర్చిపోతారని పైనే పెట్టా" అన్నారు. దాన్ని తీసి ఒళ్ళో పరుచుకున్నారు. బయట మే నెల ఎండ మండిపోతోంది. కరెంటు లేదు. ఆవిడ ఆ స్వెటర్‌కు కిందినుంచి గుండీలు పెడుతూ మెడ దాకా వచ్చి, చలిగాలి దూరకుండా చూసినట్టు కాలర్ పైకి లేపి సరిచేశారు.