మండని కాళ్ళు

నడవడం నాకు మొదటి నుంచీ నచ్చదు. పని మీద నడవమంటే నడుస్తాను, అదీ బండి వెళ్ళని చోటికైతేనే. ఎక్కడికీ వెళ్ళకుండా, ఎవర్నీ కలవకుండా, ఆరోగ్యం కోసమని చేతులు ఊపుకుంటూ ఊరంతా తిరిగి, చివరికి బయల్దేరిన గుమ్మంలోనే వచ్చి నిలబడటంలో ఏం సుఖముందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఇప్పుడు రోజూ నడుస్తున్నాను. ఇప్పటికీ అర్థం కాలేదు.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో మచ్చు చూసే పని నాది. మిరపకాయలు కుక్కిన గోనెసంచిని మేం టిక్కీ అంటాం. రైతు తెచ్చిన టిక్కీలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు బయటికి తీసి, నొక్కి చూసి సరుకు ఎలాంటిదో చెప్పాలి. రంగు సంగతి కళ్ళు చెబుతాయి. ఎండిందో లేదో మాత్రం వేళ్ళే చెప్పాలి. పైకి గలగలమనే కాయలో కూడా తొడిమ దగ్గర చెమ్మ దాక్కుని ఉంటుంది. ఆ చెమ్మతో కోల్డ్ స్టోరేజీకి వెళితే సరుకంతా బూజు పడుతుంది. తేమ చూసే మీటర్లు వచ్చి చాలా కాలమైంది. అయినా మా కొట్లో ముందు నా చెయ్యి, తర్వాతే మీటరు. ఈ ముక్క నేను నలుగురిలో కాస్త ఎక్కువగానే చెప్పుకునేవాణ్ణి.

మా పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి ఏడాది చేతులు మండుతాయి. అన్నం కలుపుకోలేరు, చంటిపిల్లల్ని ఎత్తుకోలేరు. రెండో ఏటికి మంట తగ్గుతుంది, ఆ తర్వాత తెలియనే తెలియదు. మండటం మానేసినవాణ్ణి చూసి "వీడు పనిలో పడ్డాడు" అంటారు. నా చేతులు ఎప్పుడో పనిలో పడ్డాయి. అందుకే కాళ్ళు కూడా పనిలో పడ్డాయనుకున్నాను.

పోయిన వేసవిలో చిలకలూరిపేట దారిలో ఉన్న మా స్నేహితుడి కల్లానికి వెళ్ళాను. ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నాం. నేను మిరపకాయలు చూసే పనికి వచ్చాను, వాడు పండించే పనిలో ఉండిపోయాడు. టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా పరిచిన కాయల్లో వాడూ, ఇద్దరు కూలీలూ నడుస్తున్నారు. చెప్పులు విడిచి, పాదాలు నేలకు రాస్తూ వరసగా నడిస్తే కింది కాయ పైకి వస్తుంది. ఎండ అన్నిటికీ సమానంగా తగులుతుంది. నడకంటే గిట్టని నేను ఆ రోజు చెప్పులు విడిచి దిగాను. దిగడానికి కారణం ఆరోగ్యం కాదు, గొప్ప చూపించుకోవడం.

మధ్యాహ్నానికి వాళ్ళు ముగ్గురూ నీడలోకి వచ్చి మజ్జిగతో కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను ఇంకా కాయల్లోనే తిరుగుతున్నాను.

"ఒరేయ్, మండట్లేదంట్రా నీకు?" అన్నాడు మావాడు.

"ఇన్నేళ్ళ నుంచీ ఇందులోనే ఉన్నా. ఇంకేం మండుద్ది?" అన్నాను.

కూలీల్లో పెద్దాయన నా పాదాల వంక చూసి, "కాళ్ళంటే అయ్యండీ కాళ్ళు" అన్నాడు. నాకు చాలా సంతోషమేసింది. దారి పొడుగునా ఆ మాటే తలుచుకుంటూ ఇంటికి వచ్చాను.

ఇంటికొచ్చాక నా భార్య నేల మీద నెత్తుటి మరకలు చూసింది. గుమ్మం నుంచి మంచం దాకా ఉన్నాయవి. నన్ను కూర్చోబెట్టి కుడి పాదం తిప్పి చూస్తే, అరికాలిలో ఒక మేకు ముక్క దిగి ఉంది. గాయం నిండా ఎర్రటి కారం.

"ఎప్పుడు గుచ్చుకుంది?" అంది.

"తెలీదు."

"కాయల్లో నడిచిన కాలండీ. ఇంత తెగితే మంట పుట్టదా?"

నాకు అప్పుడు కూడా తట్టలేదు. అలవాటు పడిందిలే అన్నాను. ఆమె నా మాట పట్టించుకోలేదు. పాదం కడిగి, మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

షుగరు ఉన్న సంగతి నాకు కొన్నేళ్ళుగా తెలుసు. గుర్తొచ్చిన రోజున మాత్ర వేసుకునేవాణ్ణి. డాక్టరు గాయానికి కట్టు కట్టి, నన్ను బల్ల మీద పడుకోబెట్టి, సన్నటి దారం లాంటిదేదో తీశాడు. "కళ్ళు మూసుకోండి. పాదానికి తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నాడు. కళ్ళు మూసుకున్నాను. ఎప్పుడు తగులుతుందా అని చాలాసేపు ఎదురుచూశాను. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"మొదలుపెట్టండి" అన్నాను.

"అయిపోయిందండీ" అన్నాడు.

కళ్ళు తెరిచి నా భార్య వంక చూశాను. ఆమె నా పాదాల వంక చూస్తోంది. షుగరు వల్ల కాళ్ళలో పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమనీ, ఇకమీదట చెప్పులో బూట్లో లేకుండా అడుగు వెయ్యకూడదనీ, రోజూ ఒక గంట నడవాలనీ డాక్టరు చెప్పుకుంటూ పోయాడు. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను.

"ఇది చేతుల్లోకి కూడా వస్తుందా?"

"నిర్లక్ష్యం చేస్తే రావచ్చు. షుగరు అదుపులో ఉంటే ఇక్కడితో ఆపొచ్చు."

వేళ్ళు పోతే నేనేమిటి? కొట్లో కూర్చుని మీటరు చదివేవాణ్ణి. ఆ పనికి నేనే అక్కర్లేదు. ఆ రోజు నాకు భయం వేసింది. ఇంత భయపడ్డవాడు మర్నాటి నుంచీ నడిచి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మేముండేది నల్లపాడులో. తెల్లారి కొత్త బూట్లు వేసుకుని రోడ్డెక్కాను. మా వైపు తెలిసినవాణ్ణి నడవనివ్వరు. తెలిసిన మనిషి రోడ్డు పక్కన నడిచిపోతుంటే బండి ఆపకుండా వెళ్ళడం మర్యాద కాదు. మొదటి రోజు సందు మలుపు దాటకుండానే పాలాయన ఆపాడు. "ఏంటండీ, బండి పాడైందా? ఎక్కండి." ఎక్కాను. రెండో రోజు మా వీధి చివరి మేస్త్రీ. మూడో రోజు ఎవరూ ఆపకపోతే, నేనే కాస్త నెమ్మదిగా నడిచి వెనక వచ్చే బండి చప్పుడు కోసం చెవులు రిక్కించాను. నడకకి వెళ్ళి బండి మీద, చేతిలో ఇడ్లీ పొట్లంతో తిరిగొచ్చిన నన్ను చూసి నా భార్య, "వాకింగ్ బాగా జరిగినట్టుందే" అనేది.

కాలేజీ గ్రౌండుకి కూడా వెళ్ళాను. అక్కడ రిటైరైనవాళ్ళు జట్లుజట్లుగా తిరుగుతూ రాజకీయాలు మాట్లాడుకుంటారు. వాళ్ళతో రెండు రోజులు గానుగెద్దులా తిరిగి, మూడో రోజు నుంచి పడుకున్నాను. వర్షాకాలం వచ్చింది, వాన ఒక సాకు. చలికాలం వచ్చింది, మంచు ఇంకో సాకు. సాకు లేని రోజున ఏ సాకూ లేకుండానే మానేశాను. భయం మనిషిని లేపుతుందంటారు. నా భయం నాతోపాటే దుప్పటి కప్పుకుని పడుకునేది.

కొత్త సరుకు రావడం మొదలైంది. ఒక పొద్దున్న వినుకొండ వైపు నుంచి వచ్చిన టిక్కీలో చెయ్యి పెట్టి, నొక్కి చూసి, "ఎండింది" అన్నాను. కొనేవాళ్ళ మనిషి కుర్రాడేం కాదు, నాలాగే తలపండినవాడు. తనూ చెయ్యి పెట్టాడు. నా మొహంలోకి చూశాడు.

"ఇంకోసారి చూడండి" అన్నాడు మెల్లగా.

ఇంకోసారి చూశాను. ఎండినట్టే ఉంది. మీటరు పెట్టారు. తడి ఉంది. ఆయన పెద్దమనిషి, మీటరు తీసుకుని పక్క టిక్కీ దగ్గరికి వెళ్ళాడు. రైతు తల గోక్కుని, "మంచులో ఉండిపోయినయ్యండీ" అన్నాడు. ఆ పొద్దున్న చలికి నా వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి, పైపైనే చూసి ఉంటాను. తప్పు ఎవరికైనా జరగొచ్చు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కటీ నమ్మలేదు. రోజంతా వేళ్ళను ఒకదానికొకటి రాసుకుంటూ కూర్చున్నాను. తెలుస్తోందని ఒకసారి, తెలియడం లేదని ఒకసారి అనిపించింది.

సాయంత్రం బండి కొట్లోనే వదిలేసి ఇంటికి నడవడం మొదలుపెట్టాను. మాది యార్డు నుంచి ముప్పావుగంట నడక. నిర్ణయమేదో తీసుకుని చేసిన పని కాదు, ఆ చేతులతో హ్యాండిల్ పట్టుకోబుద్ధి కాలేదు. పది నిమిషాలు కాకముందే మా కాటా దగ్గర పనిచేసే అతను బండి ఆపాడు.

"ఎక్కండి."

"వద్దులే, నడుస్తా."

"అదేంటండీ, నేను పోయేది అటే కదా. ఏం, నా బండి ఎక్కరా?"

మా వైపు ఊరికే వద్దంటే అవతలివాళ్ళు నొచ్చుకుంటారు. షుగరని చెబితే మెంతుల దగ్గర్నుంచి కాకరకాయ రసం దాకా అరగంట వినాలి. నోటికి ఏదొస్తే అది అన్నాను.

"మొక్కుందయ్యా."

అతను వెంటనే బండి ఇంజను ఆపేశాడు. "ఏ దేవుడికండీ?"

"కోటప్పకొండకి."

"ఎన్నాళ్ళు?"

"మండలం రోజులు. పొద్దునా సాయంత్రం నడిచే రావాలి, నడిచే పోవాలి."

అతను కొండ ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టుకుని, నా పక్క నుంచి బండి తోసుకుంటూ కొంచెం దూరం వెళ్ళి అప్పుడు స్టార్ట్ చేశాడు. మర్నాడు పది గంటలకల్లా యార్డంతా తెలిసిపోయింది.

నేను పెద్ద భక్తుణ్ణి కాను. అబద్ధం ఆడానని కాస్త సిగ్గు కూడా వేసింది. కానీ ఆ అబద్ధం ముందు డాక్టరూ, భయమూ, నా భార్యా ఎవరూ పనికి రాలేదు. ఇప్పుడు నడవకపోతే ఊరంతా చూస్తుంది. నాలుగో రోజు కాళ్ళు పీకి ఆటో కోసం చెయ్యి ఎత్తాను. ఆటో అతను దగ్గరికి వచ్చి, నన్ను గుర్తుపట్టి, "అయ్యో, మీకు మొక్కు కదండీ!" అని పాపం తగలకుండా వేగంగా వెళ్ళిపోయాడు. వాణ్ణి తిట్టుకుంటూ మిగిలిన దారంతా నడిచాను. ఒకాయన, మొక్కంటే ఉత్తి కాళ్ళతో నడవాలి కదా, ఈ బూట్లేమిటని నిలదీశాడు. దేవుడికి చెప్పే వేసుకున్నానన్నాను. పక్కింటావిడ ఒక పొద్దున్న గేటు దగ్గర నిలబడి, "అన్నయ్యగారూ, మా అమ్మాయికి నెలలు నిండినయ్యి. దాని పేరున కూడా రెండడుగులు వెయ్యండి" అంది. ఆ రోజు నేను యార్డు దాటి రోడ్డు ఆ చివరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ రెండడుగులు మాత్రం అబద్ధం కాదు.

నలభై రోజులు అయిపోయాయి. ఎవరూ లెక్క అడగలేదు. మరో మండలం ఉందని నేనే చెప్పాను.

మళ్ళీ కల్లాల రోజులు వచ్చాయి. మా స్నేహితుడు రమ్మని కబురు చేశాడు. బస్సు దిగి హైవే నుంచి పొలం దాకా నడిచి వెళ్ళాను. వాడు కాయల్లో నడుస్తున్నాడు. నేను బూట్లతో పట్టా అంచున నిలబడ్డాను. తినే కాయలో బూట్లతో దిగలేను, బూట్లు విప్పలేను. వాడు నా కాళ్ళ వంక చూశాడు. గట్టెక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏరా, మొక్కుకున్నావంట. కొండ మొహం ఎప్పుడన్నా చూశావా నువ్వు? దేనికిరా మొక్కు?"

ఊరందరికీ చెప్పిన అబద్ధం వాడికి చెప్పలేకపోయాను. మేకు సంగతి చెప్పాను. డాక్టరు దారం, మంచులో తడిసిన టిక్కీ, అన్నీ చెప్పాను.

"వేళ్ళు పోతయ్యేమోనని భయంరా" అన్నాను. ఈ మాట నేను నా భార్యతో కూడా అనలేదు.

వాడు ఓదార్చలేదు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, పట్టా చివర పోసిన కుప్పలోకి మోచేతి దాకా దూర్చాడు.

"చెప్పు."

కళ్ళు మూసుకున్నాను. గుప్పెడు కాయలు నొక్కాను. వదిలి, ఇంకొంచెం లోపల మళ్ళీ నొక్కాను. పైకాయ విరుగుతోంది. అడుగుకాయ తొడిమ దగ్గర వంగుతోంది, విరగడం లేదు.

"కింద ఇంకా పచ్చిగా ఉందిరా. రెండు ఎండలు కావాలి" అన్నాను.

వాడు తనూ చెయ్యి పెట్టి చూసి, "రెండు చాలవు, మూడు" అన్నాడు. అంతకంటే మంచి మాట ఎవరైనా నాతో అని చాలా కాలమైంది.

ఎండ తగ్గాక బయల్దేరాను. వాడు అలవాటుగా బండి స్టార్ట్ చేసి, "ఎక్కు" అన్నాడు. అన్నాక నా మొహం చూసి ఆపేశాడు. బండి అక్కడే వదిలేసి నాతోపాటు హైవే దాకా నడుచుకుంటూ వచ్చాడు. పొద్దున్నుంచీ కాయల్లో తిరిగిన కాళ్ళు వాడివి. దారిలో రెండుసార్లు ఆగి చెప్పులు విప్పి, బోరు నీళ్ళు పారే కాలవలో పాదాలు ముంచుకున్నాడు.

"మండి చస్తన్నయ్ రా కాళ్ళు" అన్నాడు.

నేను గట్టు మీద బూట్లతో నిలబడి వాణ్ణి చూస్తున్నాను. వాడి పాదాలు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆ క్షణంలో ఆ మంట నాకు కావాలనిపించింది. జేబులో వేళ్ళను ఒకదానికొకటి రాసుకుని చూసుకున్నాను. వాడు చెప్పులు తొడుక్కున్నాక, ఇద్దరం మళ్ళీ నడిచాం.