ప్రాపర్ ఛానెల్‌లో ఇడ్లీ పిండి

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి బడ్జెట్ అంటే ఒక్కటే, రైల్వే బడ్జెట్. అది చదివే మధ్యాహ్నం కాలనీలో ఏ క్వార్టర్ ముందు నుంచి నడిచినా కొత్త బళ్ల పేర్లే వినిపించేవి. విశాఖ వైపు ఒక్క బండి ఎక్కువేస్తే చాలు, ఆ పూట కూర మాడినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. రాష్ట్ర బడ్జెట్ మాత్రం పక్కింటివాళ్ల పెళ్లిచూపుల్లాంటిది. మాకు పిలుపూ లేదు, పట్టింపూ లేదు. తాతల కాలం నుంచి జీతం, ఇల్లు, ఆసుపత్రి, పాసు అన్నీ రైల్వే ఇస్తూ ఉంటే కలకత్తాలో ఎవరేం చదివితే మాకేటి? అలాంటి ఊళ్లో అసెంబ్లీ బడ్జెట్ చర్చలు మొదటి నుంచి చివరి దాకా చూసే మనిషిని నేనొక్కదాన్నే. (బీకాం పాసై, ఉద్యోగం రాక, నోరు ఖాళీగా ఉన్న ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఏ ప్రభుత్వానికైనా కష్టమే.)

అది మాంద్యం వచ్చిన ఏడాది. ఊరి చివర చిన్న చిన్న ఇనుప ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే షట్టర్లు దించేస్తున్నాయి. మా బాబాయి పనిచేసేదీ దించేసింది. దాంతో పిన్నీ బాబాయీ ఇద్దరు పిల్లలూ మా క్వార్టర్ వెనక వరండాలోకి వచ్చారు, వాళ్లతోపాటు పిన్ని గ్రైండరూ వచ్చింది. పిన్ని ఇడ్లీ పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండా తాల్‌బగీచా పేట నుంచి బెంగాలీ దీదీలు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. ఆ గిన్నెల వెనకే క్వార్టర్ల ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. "క్వార్టర్ ఉండడానికమ్మా, దుకాణానికి కాదు. నెలాఖరుకి ఆ మిషన్ తియ్యకపోతే మీ బావగారి మీద రిపోర్టు రాయాల్సొస్తుంది" అన్నాడు. పిన్ని గ్రైండర్ మీద తడిగుడ్డ కప్పి దాని పక్కనే కూర్చుంది. నాలుగు నోళ్లకి అదొక్కటే ఆధారం. మా నాన్న ఉద్యోగం మీదకి తెచ్చే మనిషి కాదు పిన్ని, తీసేయమంటే తీసేస్తుంది. నాకు భయమేసింది అక్కడే.

సరిగ్గా ఆ వారమే అసెంబ్లీలో చర్చ. చిన్న వ్యాపారాలు రావాలంటే వాళ్లని మనమే పిలవాలి, మార్కెట్లలో కొత్తవాళ్లకి తక్కువ అద్దెకి స్టాళ్లు ఇస్తాం అన్నారు ప్రభుత్వంవారు. ఉన్న దుకాణాలే మూతపడుతుంటే కొత్తవాళ్లు ఎవరొస్తారు అన్నారు ప్రతిపక్షంవారు. నేను ఇద్దరినీ తిట్టాను. "మా పిన్ని వస్తాది. రేపు పిలిస్తే రేపే వస్తాది" అన్నాను టీవీతో.

"టీవీకి సెవుల్లేవు గానీ, సుభాష్‌పల్లి మార్కెట్లో కూడా ఇస్తారంట, ముందు దరకాస్తు రాయే" అంది పిన్ని.

రాశాను. ఇంగ్లీషులో, రెండు పేజీలు, అందులో ఒకటిన్నర పేజీ బడ్జెట్ మీద నా విమర్శ. అయితే పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన దరఖాస్తులన్నీ నాన్నవే. సెలవుకైనా, పాసుకైనా, క్వార్టర్‌కి సున్నం వేయించడానికైనా పైన "త్రూ ప్రాపర్ ఛానెల్" అని రాసి తీరాలి. అంటే కాగితం తిన్నగా పెద్దాఫీసుకి వెళ్లకూడదు, మన పైవాడి చేతి మీదుగా, అతని పైవాడి చేతి మీదుగా మెట్టుమెట్టుగా ఎక్కాలి. నేనూ అలాగే రాసి నాన్న చేతికిచ్చాను. నాన్న తీసుకెళ్లి వర్క్‌షాప్‌లో తన ఫోర్‌మన్‌కి ఇచ్చారు. ఆయన్ని మేం ఫిట్ మామ అనేవాళ్లం. రిపేరైన వ్యాగన్ని ఆయన చుట్టూ తిరిగి చూసి "ఫిట్" అంటే తప్ప అది పట్టాలెక్కేది కాదు. రైల్వేలో పనిచేయని పిన్ని, రైల్వేది కాని స్టాలు కోసం, రైల్వేవాడి ద్వారా ఎందుకు అడగాలని ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

మూడు వారాలైనా జవాబు లేదు. ఇంతలో స్టాళ్లిచ్చే ఆఫీసువాళ్లు సుభాష్‌పల్లిలో ఒక హాల్లో కూర్చుంటున్నారని, అదే ఆఖరి రోజని తెలిసింది. పిన్నిని వెంటేసుకుని వెళ్లాను. బల్ల వెనక బక్కపలచని బెంగాలీ ఆఫీసరు, జేబులో మూడు పెన్నులు. నేను కూర్చోలేదు. మూడు వారాలుగా నూరుకున్నదంతా బెంగాలీలో మొదలుపెట్టాను. "పెద్ద కంపెనీ వస్తానంటే స్టేషన్‌కి కారు పంపుతారు. పిండి రుబ్బే ఆడమనిషి వస్తానంటే ఆవిడ కాగితం మీ బల్ల కింద మగ్గుతుంది. ఇదేనా దాదా మీరు వ్యాపారాలని పిలిచే పద్ధతి?" వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంక నన్ను ఆపేవాళ్లెవరు. పిన్ని నా చున్నీ లాగుతూనే ఉంది.

ఆయన రిజిస్టరు మూడుసార్లు తిరగేశాడు. "ఈ పేరుతో ఏదీ రాలేదు దీదీ."

"రాలేదా, పారేశారా?"

ఆయన నా వంక చూసి, కుర్చీ లాగి, "బొషున్ దీదీ, ఆగే చా ఖాన్" అన్నాడు. కూర్చోండి, ముందు టీ తాగండి అని. టీ వచ్చింది. సగం తాగాక నెమ్మదిగా అడిగాడు, "ఎవరికిచ్చారు?"

"మా నాన్న ఫోర్‌మన్‌కి. త్రూ ప్రాపర్ ఛానెల్."

ఆయన కళ్లజోడు తీశాడు. "మీ పిన్నిగారు రైల్వేలో పనిచేస్తారా?"

"లేదు."

"నేను చేస్తానా?"

ఇందాక నాకు చప్పట్లు కొట్టిన వరసే ఇప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది. నేను గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాను. ఆయన మాత్రం నవ్వలేదు. "అయిదింటి దాకా ఇక్కడే ఉంటాను, తెండి" అన్నాడు.

వర్క్‌షాప్ గేటు దాకా రిక్షాలో పిన్ని ఒక్క మాటే అంది: "సరైన సోటికి ఇచ్చినావో లేదో సూసుకుని తిట్టాల్సింది." కబురు పెడితే గేటు దగ్గరికొచ్చిన నాన్న, సంగతి విని లోపలికి పరిగెత్తి దాన్ని పట్టుకొచ్చారు. అప్పటికి కాగితం కాస్తా ఫైలైపోయింది. మూడు బల్లలు దాటింది, మూడు ముద్రలు పడ్డాయి. ఒక గుమస్తా "దరఖాస్తుదారు ఏ పోస్టులో ఉన్నారు?" అని మార్జిన్‌లో ప్రశ్న వేశాడు. ఆ పైవారు "ఈ ఆఫీసుకి అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టారు. అన్నిటికంటే ముందు మా ఫిట్ మామ నోటు: "నమూనా పిండి పరిశీలించడమైనది. ఫిట్." (నమూనా ఎవరిచ్చారని తర్వాత నిలదీస్తే, "సూడకుండా నేను దేన్నీ పంపను తల్లీ, మీ నాన్ననడిగి ఒక డబ్బా తెప్పించుకున్నాను" అన్నాడు.)

అయిదుకి పది నిమిషాలుండగా ఫైలు బల్ల మీద పెట్టాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివాడు, నా ఒకటిన్నర పేజీ విమర్శతో సహా. ఫిట్ మామ నోటు దగ్గర కాసేపు ఆగాడు. అప్పుడు తన దగ్గరున్న స్టాలు ఫారం తిప్పి ఒక గడి చూపించాడు. రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లయితే అభ్యంతరం లేదని రైల్వే నుంచి కాగితం తేవాలి. "ఇది లేకే పొద్దుట్నుంచి చాలామందిని వెనక్కి పంపాను దీదీ. మీరు మూడు ముద్రలు తెచ్చారు." ఆ ముద్రలు ఆ పనికి చెల్లేవేనా అని ఆయన అడగలేదు, నేనూ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన సంతకం పెట్టాడు.

పిన్ని స్టాలు ఇప్పటికీ సుభాష్‌పల్లిలో ఉంది. ఆ పిండి మీదే పిల్లలిద్దరూ చదువుకున్నారు, బాబాయి నిబ్బరంగా తలెత్తుకు తిరిగాడు. ఫిట్ మామ రిటైరయ్యాక కూడా వారం వారం డబ్బాతో వచ్చి "పరీక్ష" చేసి వెళ్లేవాడు. ఇప్పుడు రైల్వే బడ్జెట్టు విడిగా లేదు, కాలనీలో అందరూ రాష్ట్ర బడ్జెట్టే చూస్తున్నారు. నేను టీవీతో పోట్లాడుతూనే ఉన్నాను. మొన్న కూడా చిన్న వ్యాపారాల దగ్గరికొచ్చేసరికి నా గొంతు లేచింది. పిన్ని వచ్చి నా ముందు గ్లాసు పెట్టింది. "బొషున్ దీదీ, ఆగే చా ఖాన్." మా ఇంట్లో ఆ మాటకి ఇన్నేళ్లుగా అదే అర్థం: తిట్టే ముందు సరైన చోటో కాదో చూసుకో.

ఆ దాదా ఎక్కడికి బదిలీ అయ్యాడో తెలియదు. నేను తిట్టిన తిట్లకి ఆయన అయిదింటి దాకా ఉండనక్కర్లేదు. నాలుక్కే రిజిస్టరు మూసేసినా అడిగేవాళ్లు లేరు. క్షమించమని ఒక్క మాట చెప్పాలని ఆ రోజే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. ఆ మాట మొదటి బల్ల కూడా దాటినట్టు లేదు, బహుశా అదీ త్రూ ప్రాపర్ ఛానెల్లోనే వెళుతోందేమో.