దెబ్బ ఎట్ల తాకింది

నర్సింగు మొదటి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో కట్టు కడితే సరిపోదు. రోగిని అడిగి, సంగతి తెలుసుకుని, పరీక్ష పెట్టే మేడంకు చెప్పాలి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "దెబ్బ ఎట్ల తాకింది?" వనపర్తి దవాఖానలో అది అడిగీ అడిగీ నా నోరు అరిగిపోయింది. దవడ వాచి వచ్చిన ఆడమనిషి బాత్రూంలో జారిపడ్డానంటుంది. ఇంకొకామె వీపంతా వాతలు తేలినా మెట్ల మీంచి పడ్డానంటుంది, వాళ్ల గుడిసెకు మెట్లే ఉండవు. ఎద్దు పొడిచిందన్నాడు ఒకాయన. ఆయన ఎద్దులను అమ్మి ట్రాక్టర్ పెట్టుకుని ఏండ్లయిందని పక్క మంచం వాళ్లే చెప్పారు. వింటుంటే నాకు ఒళ్లు మండేది. అసలు తప్పు ఆ ప్రశ్నలోనే ఉంది. దెబ్బ తాకిందంటే అదేదో గాలికి కొట్టుకొచ్చి తాకినట్టు. కొట్టినవాడు ఆ మాటలో ఎక్కడా ఉండడు.

పరీక్షల ముందు సెలవులిస్తే గోపాల్‌పేట దగ్గర మా ఊరికి పోయాను. ఇంట్లో టీవీ మోతకు చదువు సాగక, చేనులో మోటారు షెడ్డు నీడకు పుస్తకం తీసుకుపోయేదాన్ని. మా చేనుకూ పక్క చేనుకూ నడుమ ఒక గెట్టు. పక్క చేనాయన నాకు వరుసకు చిన్నాయన. దున్నినప్పుడల్లా మా అన్న గెట్టును జానెడు జరుపుతున్నాడని ఆయన, జరుపుతున్నది ఆయనేనని మా అన్న. ఒక పొద్దున నేను షెడ్డు దగ్గర చదువుకుంటుండగానే మాటా మాటా పెరిగి, చిన్నాయన గెట్టు రాయి పీకి అవతల పారేశాడు. కంప కొట్టడానికి తెచ్చిన గొడ్డలి మా అన్న చేతిలోనే ఉంది. తలకే గురిచూసి వేశాడు. చిన్నాయన చేయి అడ్డం పెడితే ముంజేయి తెగింది. ముందు ఎముక తెల్లగా కనిపించింది, తర్వాత నెత్తురు వచ్చింది. ఆయన కూలబడితే మా అన్న మళ్లీ గొడ్డలి ఎత్తాడు.

నేను పోయి చిన్నాయన మీద పడి, ఆ చేతిని పైకెత్తి చున్నీతో అదిమి పట్టాను. నెత్తురు ఆగేదాకా వదలకూడదని కాసేపటి కింద చదివిన పేజీలోనే ఉంది. మా అన్న గొడ్డలి పారేసి నా జడ పట్టి గుంజాడు. డొక్కలో తన్నాడు.

"మనింటి దానివేనా నువ్వు? వానికి కడ్తవా?"

"సస్తడన్నా. ఇడువు."

మళ్లీ తన్నాడు. పక్క పొలాల వాళ్లు ఉరికొచ్చి ఆపేదాకా తన్నుతూనే ఉన్నాడు. నేను చున్నీ వదల్లేదు.

చిన్నాయనను వనపర్తి తీసుకుపోయారు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, దవాఖాన ఖర్చు మా ఇంటిదని, కంప కొడుతుంటే గొడ్డలి జారి తాకిందని అందరూ ఒకే మాట చెప్పాలని తేల్చారు. ఆయన సరేనన్నాడట. ఆ సాయంత్రం అమ్మ నా డొక్కకు ఉప్పు మూటతో కాపడం పెట్టింది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీదనే పడ్తది బిడ్డా. నువ్వేం చూడలే."

"చూసిన."

"చూడలే అంటున్న గద."

అన్న మీది కోపం అమ్మ మీదికి మళ్లింది. కాపడం మాత్రం హాయిగా ఉంది, అందుకే లేచి పోలేదు.

పరీక్ష రోజు చీటీ తీస్తే నాకు మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం వచ్చింది. మంచం మీద చిన్నాయన, కుట్లు వేసిన చేయి దిండు మీద. పరీక్ష తప్పితే ఇక ఇంట్లోనే ఉంటావని మా అన్న ముందే అని ఉన్నాడు. పరీక్షకు వేరే జిల్లా నుంచి వచ్చిన మేడంకు ఇవేమీ తెలియవు. "అడుగమ్మా," అంది.

వేరే దారి లేక ఆ పాడు ప్రశ్నే అడిగాను. "దెబ్బ ఎట్ల తాకింది చిన్నాయనా?"

ఆయన నన్ను చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. "నన్నెందుకు అడుగుతవు? నువ్వే చెప్పు."

గొడ్డలి జారిందంటే ఊరికీ మా ఇంటికీ సరిపోతుంది. కాని అట్లా అంటే ఆయన నాకు ఆ చేయి ఇవ్వడు. చేయి ఇవ్వకపోతే నాకు చదువు లేదు. అంతకన్నా, అబద్ధం చెప్పేవాళ్లను అన్నాళ్లూ తిట్టుకున్న నోటితో అదే అబద్ధం చెప్పాలంటే నాకు అసహ్యం వేసింది.

"తాకలేదు మేడం. మా అన్న గొడ్డలితో కొట్టిండు. నేను చూసిన."

పక్క మంచాల వాళ్లు ఇటు తిరిగారు. చిన్నాయన చేయి ముందుకు పెట్టి, "కట్టు బిడ్డా," అన్నాడు. గాయాన్ని లోపలి నుంచి బయటికి తుడిచి, మందు పెట్టి కట్టాను. ప్యాసయ్యాను.

చూసినదాన్ని నేనే చెప్పాను కాబట్టి ఇక ఠాణాకు పోతానని చిన్నాయన ఊరికి కబురు పంపాడు. నేను బస్సు దిగేసరికి ఆ కబురు మా ఇంట్లో ఉంది. మా అన్న కట్టె తీసుకున్నాడు. అమ్మ లేచి తలుపు వేసింది. ఆపుతుందనుకున్నాను. బయటికి వినపడొద్దని వేసింది. తలకు అడ్డం పెట్టిన నా ఎడమ చేయి విరిగింది.

తెల్లారి అమ్మే నన్ను వనపర్తి దవాఖానకు తీసుకొచ్చింది. డ్యూటీలో ఉన్నది నా తోటి పిల్ల, నా పక్క బెంచీది. చేయి చూసి దాని మొహం వాడిపోయింది. అయినా నేర్చుకున్నట్టే అడిగింది.

"దెబ్బ ఎట్ల తాకిందే?"

"బాత్రూంల జారింది బిడ్డా," అంది అమ్మ.

"గట్ల అడుగకు," అన్నాను దానితో. "ఎవరు కొట్టిండ్రని అడుగు."