చెన్నమ్మ పిలిచిన ఏనుగు

కర్ణాటక కొండలు దిగి దారితప్పి వచ్చిన ఒంటరి ఏనుగు, ఊళ్లో ఇన్ని చేలుండగా పోయి పోయి వనజాక్షి చేలోనే ఆగింది. తొట్టెడు నీళ్లు తాగి, ఒక్క మొక్కయినా విరవకుండా వెళ్లిపోయింది. చెన్నమ్మకు కడుపు మండిపోయింది.

మండదా మరి! వనజాక్షి ఆమెకు తోడికోడలు. పంపకాల్లో ఇద్దరికీ పక్కపక్క నేలే వచ్చింది. వనజాక్షి బోరు వేస్తే మొదటిసారికే నీళ్లు ఎగదన్నాయి. చెన్నమ్మ వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కాయి. ట్యాంకర్లతో నీళ్లు తోలించి, బిడ్డల్ని సాకినట్టు చీనీ చెట్లను, అదే బత్తాయి చెట్లను, సాకింది. ఈ ఏడే తొలి కాపు. అది చేతికొస్తేనే ఆమె ఇల్లు నిలబడుతుంది.

ఊరికి ఊరే వనజాక్షి చేనికి కదిలింది. తొట్టి పక్క బురదలో పడిన ఒకే ఒక్క అడుగుకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయలు కొట్టారు. "వినాయకుడే వచ్చినాడు. ఇంగ ఈ చేనికి తిరుగులేదు" అన్నారు. అటవీశాఖ వాళ్లు వచ్చి మొత్తుకున్నారు.

"దానికి తినేదానికేమీ పెట్టొద్దండప్పా. దాని పాటికి అది పోతాది."

చెన్నమ్మ వింటే కదా! "ఆ సామికి వనజ చేనే కనపడిందా? నా చేను కండ్లకు ఆనలేదా?" అని మొగుడు ఆంజినప్ప మీద విరుచుకుపడింది.

"ఏనుగు కాడ పంతమేందే! నీకేమన్నా పిచ్చి పట్టిండాదా?" అన్నాడతను.

చెన్నమ్మ పొద్దు వాలేవేళకు బెల్లం అచ్చులు, అరటి గెల గంపకెత్తుకుని పోయి చీనీ తోట నడుమ పెట్టింది. "ఒక్కసారి రా సామీ" అని దండం పెట్టి వచ్చింది.

సామి వచ్చాడు. బెల్లం తిన్నాడు, గెల తిన్నాడు, ఇంకా ఉందేమోనని తోటంతా వెతికాడు. తెల్లారి చూస్తే డ్రిప్పు పైపులు తెగి చిందరవందరగా ఉన్నాయి. చెట్లు వేళ్లతో సహా పెకలి పడ్డాయి. పచ్చికాయలు మట్టిలో చితికిపోయాయి. చెన్నమ్మ అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది.

అంతలో పసుపు కుంకుమలతో జనం రానే వచ్చారు. ముందు వనజాక్షి. తోటంతా కలయజూసింది. ఎక్కడ చూసినా అడుగులే. ఆమె మొహం మాడిపోయింది.

"మా చేన్లో నీళ్లు తాగి పాయె, అంతే. నీ చేన్లో తెల్లార్లూ ఉండినాడే అక్కా! ఇన్ని అడుగులా! నాకు ఒగటే కదా పెట్టింది" అంది ఏడుపు గొంతుతో.

కాపురానికొచ్చిన నాటి నుంచి వనజాక్షి ఆమెను చూసి కుళ్లుకోవడం ఇదే మొదలు. చెన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇల్లు గడిచేదెట్లాగో దేవుడికే తెలియాలి. అయినా, చెప్పుకోవడానికే సిగ్గు, కడుపు చల్లబడింది.

కూలిన చెట్టు మీద చెయ్యానించి లేచి నిలబడింది.

"ఇవేం చూస్తావులే వనజా! ఆడ ఇంగా పెద్ద అడుగు ఉండాది, రా చూపిస్తా."