కొంగులో చుట్టిన పాట

ఇబ్రహీంపట్నంలో బస్సు కదులుతుండగా ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూర్చుంది. కాసేపటికి ఆమె ఫోన్ యేసు పాటతో మోగింది. ఆమె ఉలిక్కిపడి, ఫోన్‌ను కొంగులో చుట్టి గట్టిగా నొక్కిపట్టుకుంది. పాట ఆగేదాకా నా నుదుటి బొట్టునే చూసింది.

“మాట్లాడండమ్మా, ఏం పర్లేదు,” అన్నాను.

ఆమె మెల్లగా చెప్పింది. ఆదివారం వాళ్ళింట్లో ప్రార్థన జరుగుతుంటే జెండాలు పట్టుకొని గుంపు వచ్చిందట. బైబిళ్ళు చింపి, ఆమె భర్తను కొట్టారట.

“ముందల నిలవడ్డది మా పక్కింటాయనే. ఆయన పెండ్లాం దవాఖానల ఉన్నప్పుడు ఇంటిల్లిపాదికి నేనే వండిపెట్టిన.”

“పోలీసులకు చెప్పలేదా?”

“పోయినం. ‘ఊరంత ఒక్కటైంది, మీరే జర సర్దుకోండ్రి, ప్రార్థనలు బంద్ పెట్టుండ్రి’ అన్నడు సారు. పక్కింటాయన మోసం జేస్తే ఏడ్చి ఊకుంట బిడ్డా. సర్కారు గూడ ఒక్క దేవుని దిక్కే నిలవడితే ఎవ్వలకు చెప్పుకోవాలె? ఓటు మేం గూడ ఏసినం గద!”

మాటల్లో నేను మీర్‌పేట్‌లో ఉంటానని తెలిసి, “మీ దిక్కు ఇల్లు కిరాయికి దొరుకుతదా?” అని అడిగింది. దొరుకుతుందని చెప్పి నా నంబరు ఇచ్చాను.

ఆ సాయంత్రమే మా ఎదురింటి పెద్దాయనను అడిగాను. మా పిల్లలను ఎత్తుకొని ఆడించిన మనిషి. ఆయన మేడమీద వాటా ఖాళీగా ఉంది. ఎంతమంది ఉంటారని గానీ, ఎప్పుడు వస్తారని గానీ ఆయన అడగలేదు.

“వాళ్ళు ఏ దేవుణ్ణి మొక్కుతారమ్మా?” అన్నాడు.