మూడుసార్లు గెలిచిన మనిషి ప్రసంగాలు

నేను చిత్తూరులో ప్రభుత్వ కళాశాలలో తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. రిటైరయిన తెలుగు అయివారికి మా ఊళ్లో ఉపయోగం ఒకటే. ఎవరింట్లో పెళ్లయినా పద్యం రాయమంటారు, ఎవరు పోయినా నాలుగు మంచి మాటలు రాయమంటారు. పోయినవాడు ఎలాంటివాడన్నది మనకు అనవసరం. నేనూ ఆరా తీయకుండానే రాసిస్తూ వచ్చాను. నా చేతిమీదుగా ధర్మాత్ములైపోయిన వెధవలు చాలామందే ఉన్నారు.

పోయినేడాది మా పాత శాసనసభ్యుడి కొడుకు నా ఇంటికొచ్చాడు. తండ్రి మూడుసార్లు గెలిచినవాడు, పోయి కొన్నేళ్లయింది. కొడుక్కి యాభై దాటాయి. ఈసారి ఎలాగైనా టికెట్టు తెచ్చుకోవాలని తిరుపతికీ రాజధానికీ మధ్య కారులో తిరుగుతున్నాడు.

"మా నాయన అసెంబ్లీలో మాట్లాడిండేవన్నీ ఒక బుక్కుగా ఎయ్యాలనుకుంటా ఉండా సార్" అన్నాడు. "వర్ధంతికి తిరుపతిలో రిలీజు. మంత్రిగారు వస్తానన్నారు. సంపాదకులు మీరే. స్టేజీ మీద మంత్రి పక్కన మీకు కుర్చీ."

ఆ తండ్రి నాకు తెలుసు. ఉద్యోగంలో ఉన్నప్పుడు మేం నలుగురు లెక్చరర్లం ఒకసారి ఆయన దగ్గరికి వెళ్లాం. కాలేజీ ముందు బస్సు కోసం ఆడపిల్లలు నడినెత్తి ఎండలో నిలబడుతున్నారు, చిన్న షెల్టరు కట్టించమని అడగడానికి. ఆయన వరండాలో గడ్డం గీయించుకుంటున్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు. సబ్బు నురగలోంచే, "ఏంటికప్పా షెల్టరు? ఎండ అలవాటు కావద్దా పిల్లోళ్లకి?" అన్నాడు. మంగలి నవ్వాడు. గడ్డం గీసేవాడు నవ్వక ఏం చేస్తాడు? కానీ మేం కూడా నవ్వాం. దండం పెట్టి మరీ వచ్చేశాం.

అదంతా గుర్తుండి కూడా కొడుక్కి సరేనన్నాను. మంత్రి పక్కన కుర్చీ అన్న మాట దగ్గరే నా బుద్ధి ఆగిపోయింది. వారం తిరక్కుండా ముందుమాట రాసిచ్చేశాను. ప్రసంగాలు ఇంకా చదవనే లేదు. అయినా 'ప్రతి వాక్యాన్నీ సభా నివేదికలతో సరిచూశాను' అని అందులో రాశాను. ఎలాగూ చూస్తాను కదా అనుకున్నాను.

శాసనసభలో ఎవరు ఏం మాట్లాడినా పొల్లుపోకుండా రాసి నివేదికలుగా అచ్చు వేస్తారు. పాతవి కూడా ఇప్పుడు కంప్యూటర్లో చదువుకోవచ్చు. రెండు నెలలు కూర్చుని మూడు సభల నివేదికలూ తిరగేశాను. కళ్లు మంటలెత్తాయి.

మొదటి ఐదేళ్లలో ఆయన ప్రమాణం చేయడానికి తప్ప నోరు తెరవలేదు. రెండో ఐదేళ్లలో ఒక ప్రశ్న అడిగాడు. అది నీటి సమస్యే. "అధ్యక్షా, ఎమ్మెల్యే క్వార్టర్సులో పై అంతస్తుకు నీళ్లు ఎక్కడం లేదు" అని. మూడోసారి గెలిచాక ఒక సంతాప తీర్మానాన్ని "నేను కూడా బలపరుస్తున్నాను" అన్నాడు. ఆ పోయినాయన పేరు కూడా తప్పు పలికాడు. పక్కనున్న సభ్యుడు దిద్దినట్టు నివేదికలో ఉంది.

ఇవి కాక ఒక మధ్యాహ్నం ఉంది. స్పీకరూ డిప్యూటీ స్పీకరూ లేనప్పుడు సభ నడపడానికి కొందరు సభ్యులతో ముందే ఒక జాబితా వేసుకుంటారు. అందులో ఈయనా ఒకడు. అలా ఒకే ఒక్క మధ్యాహ్నం అధ్యక్ష స్థానంలో కూర్చున్నాడు. ఆ పూట ఎదురుగా మాట్లాడుతున్నది మా పక్క నియోజకవర్గం నుంచి మొదటిసారి గెలిచి వచ్చిన సభ్యుడు. పలమనేరు వైపు మల్బరీ తోట పెట్టుకుని పట్టుపురుగులు పెంచుకునే రైతు.

ఆ రైతు మాట్లాడింది చదువుతూ నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "అధ్యక్షా, మా పల్లెకు బోరు లారీ వస్తే జనం కొబ్బరికాయ కొట్టి హారతిస్తారు. ఆ బోరు ఎండితే ఇంకా లోతుకు వేయిస్తారు. ఎంత లోతుకని పోతాం అధ్యక్షా? మా వంకలో నీళ్లు వానొచ్చిన రెండు రోజులు పారి తమిళనాడుకు వెళ్లిపోతాయి. అడ్డంగా నాలుగు రాళ్లు పేర్చి ఆపమని అడుగుతున్నా" అంటూ ఒక పేజీన్నర సాగింది. ఏ మాటా అరువు తెచ్చుకున్నది కాదు. ముప్పై ఏళ్లు పిల్లలకు వ్యాసం రాయడం నేర్పిన నాకు అలాంటి వాక్యం ఒక్కటి కూడా చేతకాలేదు.

అక్కడ బ్రాకెట్లో 'గంట' అని ఉంది. కింద అధ్యక్షుల వారి మాట: "టైమైపోయింది, కూర్చోండి. చెప్పిందే చెప్తే ఎట్లప్పా, కూర్చోండి." రైతు వాక్యం సగంలో తెగిపోయింది. సభను టీ కోసం వాయిదా వేశారు. మా నాయకుడు శాసనసభకు వహించిన అధ్యక్షత మొత్తం అదే.

ఇదంతా చెప్పడానికి తిరుపతిలో ఆయన కొడుకింటికి వెళ్లాను. హాల్లో గోడంత ఫోటో, స్పీకరు కుర్చీలో తండ్రి. కింద 'శాసనసభకు దిశానిర్దేశం చేసిన మహానేత' అని బంగారు రంగు అక్షరాలు. నేను తెచ్చింది ఒక్క కాగితం మీద సరిపోయింది.

"ఇంతేనా సార్? పదైదేండ్లు మెంబరు కదా!"

"ఇంతే."

"సరిగ్గా సూసినారా?"

"రెండు నెలలు చూశాను."

అతను సిగ్గుపడలేదు. "మా నాయన మాటల మనిషి కాదు సార్, పనుల మనిషి" అన్నాడు. ఏ పనులని నేను అడగలేదు. ఆ పైన నేను చేసిన మూర్ఖత్వం ఏమిటంటే, పంతులు బుద్ధి పోనిచ్చుకోక, ప్రసంగమంటే ఇలా ఉండాలని ఆ రైతు మాటలున్న కాగితాలు సంచిలోంచి తీసి అతని చేతికిచ్చాను. చివరిదాకా చదివాడు. గంట దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఇదే సార్, మా నాయన గూడా ఇంట్లో ఎప్పుడూ ఇదే చెప్తా ఉండె."

"ఇంట్లో చెప్పడం వేరు, సభలో చెప్పడం వేరు."

"ఎవురు సూడొచ్చినారు సార్?"

"తప్పు. దీనికి నేను ఒప్పుకోను."

"మీరేం చెయ్యొద్దు లెండి సార్. ముందుమాట ఇచ్చేసినారు కదా, సాలు" అని లోపలికి కాఫీకి కేకేశాడు. నేను ఆ కాఫీ తాగాను. కాగితాలు అతని దగ్గరే వదిలేసి బస్సెక్కాను. అంత పని చెయ్యడులే అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

ఆవిష్కరణ రోజు కల్యాణమండపం నిండిపోయింది. జిల్లాలో బతికున్న మాజీలందరినీ పిలిచారు. మాజీ మంత్రులు, మాజీ చైర్మన్లు, ఓడిపోయి పాతికేళ్లయినా లెటరుహెడ్డు మీద సింహాలు తీయనివాళ్లు. ముందు వరస కుర్చీల కోసం వాళ్లు తోసుకున్న తీరు చూస్తే కొండమీద ఉచిత దర్శనం క్యూ నయం. గేటు దగ్గర సన్నగా ఉన్న ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు. ముతక పంచె, చేతిలో గుడ్డసంచి.

"మీరేనా సార్ సంపాదకులు? నేనూ ఒకసారి మెంబరుగా ఉంటిని. పలమనేరు కాడ. పాత సంగతులన్నీ ఎతికి పట్టినారంట, బాగా కష్టపడినారు."

తిరిగి నమస్కారం పెట్టాను. ఈలోగా నన్ను స్టేజీ మీదికి లాక్కెళ్లారు. ఆయన్ను మూడో వరసలో ఎక్కడో కూర్చోబెట్టారు. మంత్రి రిబ్బను విప్పి పుస్తకం నా చేతిలో పెట్టాడు. తెరిచాను. పెద్దక్షరాలతో మొదటి ప్రసంగమే ఆ రైతుది. గంట లేదు, 'కూర్చోండి' లేదు. కింద మా పాత శాసనసభ్యుడి పేరు. తక్కిన పేజీలన్నీ ఆయన ఫోటోలే.

యాంకరమ్మాయి మైకు పట్టుకుని ఆ ప్రసంగం గొంతు వణికిస్తూ చదివింది. బోరు లారీకి హారతి దగ్గర జనం చప్పట్లు కొట్టారు. మంత్రి తల ఊపాడు. నేను మూడో వరస వైపే చూస్తున్నాను. ఆ పెద్దాయన పెదవులు కదులుతున్నాయి. ఆ అమ్మాయి కంటే ఒక మాట ముందే కదులుతున్నాయి. ఆమె చదవడం ఆపాక కూడా కాసేపు కదిలాయి.

ఆ క్షణంలో లేచి మైకు అందుకోవచ్చు. అందుకోలేదు. నా వంతు వచ్చినప్పుడు శాలువా కప్పించుకుని, ఫోటోకు తల కొంచెం పక్కకు తిప్పమంటే తిప్పాను.

భోజనాల దగ్గర వెతికి ఆయన పక్కన కూర్చున్నాను. "అయ్యా, అది మీ ప్రసంగం" అన్నాను.

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. "నాదని నాకు తెల్దా సార్?" అన్నాడు. "ఆ పొద్దు గంట కొట్టి కూర్చోబెట్టింది గూడా ఆయప్పే. అది కాదు నాకు. ఆ వంక ఆయప్ప నియోజకవర్గంలోనే లేదు కదా. ఇంతమంది పెద్దోళ్లు కూర్చోనుండారు, ఒగరికన్నా తెలిసిందా? ఆ వంక యాడుండాదో ఒగరికన్నా తెలుసునా?"

"కట్టారా అక్కడ?"

"యాడ కట్టేది! మళ్లీసారి నేను ఓడిపోతిని." పప్పు వేయించుకుని అన్నాడు. "మీరు తెలుగు అయివారంట కదా. సదివినోళ్లు. మీకు ఎట్ల మనసొప్పింది సార్?"

ఆయన ఆకు మడిచి లేచి వెళ్లిపోయాడు.

మరుసటి వారం ఒక పత్రికకు ఉత్తరం రాశాను, నివేదిక నకళ్లు జతచేసి. మూడో రోజు కొడుకు ఫోను చేశాడు. పత్రికవాళ్లు అతన్ని అడిగారట. గొంతులో కోపం కూడా లేదు. "ముందుమాటలో మీరేం రాసినారో ఒకతూరి సదువుకోండి సార్. ప్రతి వాక్యం సరిచూసినా అని మీ సంతకం ఉండాది. పేపరోళ్లకు అదే పంపించినా." ఉత్తరం అచ్చు కాలేదు. అతనికి టికెట్టు మాత్రం ఖాయమని చెప్పుకుంటున్నారు.

తర్వాత ఒకరోజు ఆ రైతు సభలో మాట్లాడినవన్నీ ప్రింటు తీయించి, కుట్టించి, పలమనేరు బస్సెక్కాను. ఆయన రేకుల షెడ్డులో పురుగులకు మల్బరీ ఆకు వేస్తున్నాడు. పురుగులు ఆకు కొరికే చప్పుడు వాన పడుతున్నట్టుంది. పుస్తకం అందుకుని, చెయ్యి తుడుచుకుని, నాలుగు పేజీలు తిప్పాడు. క్షమించమని అడగబోయాను.

"ఆకు వాడిపోతా ఉండాది సార్. ఆ బుట్ట ఇట్లా అందీండి" అన్నాడు.

అందించాను. ఆ పూట బస్సు వచ్చేదాకా ఆయన అడిగిన బుట్టలన్నీ అందిస్తూ నిలబడ్డాను. క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు.